బోర్డు మీద మా పేరు

కొత్తగా అంగడి పెట్టేవాడికి బుద్ధులు చెప్పనివాళ్ళు ఉండరు. తెల్లారకముందే తలుపు తియ్యి. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లు. బోణీ బేరం పోగొట్టుకోవద్దు, రూపాయి తగ్గినా ఇచ్చి పంపు. చిల్లర లేదనొద్దు. ధరలు గోడ మీద రాసి పెట్టు. మొదటి వారం వచ్చినవాడే ఊరంతా దండోరా వేసేది, వాడి మొహం చూసి నవ్వు. ఇవన్నీ మంచి మాటలే. ఏళ్ళ తరబడి అంగళ్ళు నడిపినవాళ్ళు తమ అనుభవం కొద్దీ చెప్పే మాటలే. మేం కూడా అవన్నీ చేశాం.

అయితే ఈ బుద్ధులు చెప్పేవాళ్ళంతా ఒక సంగతి ముందే అనుకుని చెప్తారు. అంగడి తలుపు తెరిచేదాకా నీ మీద ఎవరికీ ఏ అభిప్రాయమూ ఉండదని, ఆ రోజు నువ్వెట్లా కనపడితే అట్లా నమ్ముతారని. మా సంగతి అది కాదు. మా పొయ్యి వెలగకముందే, మా గిన్నె కడగకముందే మా గురించి ఒక అభిప్రాయం తయారై ఉంటుంది. మేం ఎన్నడూ అడుగు పెట్టని ఇళ్ళల్లో, టీవీల్లో, సినిమాల్లో, ఇప్పుడు చేతిలో ఫోన్లలో అది తయారవుతుంది. మా కంటే ముందే వచ్చి మా అంగడిలో కూర్చుంటుంది.

మీకు మొదటి రోజు పలక తుడిచి ఉంటుంది. మా పలక మీద అంతకుముందే ఎవరో రాసి పెట్టి ఉంటారు. మేం రాయడానికి ముందు తుడవాలి. తుడిచే పనిలోనే మాకు సగం ఆయుష్షు గడిచిపోతుంది.

మేమంటే ఎవరమో చెప్పాలి. కడప జిల్లా దూదేకులోళ్ళం. ముగ్గురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. మమ్మల్ని కొందరు పింజారోళ్ళంటారు, కొందరు లద్దాఫులంటారు, మర్యాదగా పిలిచేవాళ్ళు నూర్‌బాషాలంటారు. 1970 నుంచి ప్రభుత్వ కాగితాల్లో వెనుకబడిన కులాల బి గ్రూపులో ఉన్నాం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. హిందువులకు మేం సాయిబులం. ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం దూదేకులోళ్ళం. ఎవరి గడప దగ్గర నిలబడినా మేం ఎవరమో విడమరిచి చెప్పుకోక తప్పదు.

మా నాయనకు బోర్డు లేదు. ఆయన విల్లే ఆయన బోర్డు. దూదేకే విల్లు భుజాన వేసుకుని వీధి మొదట్లో నిలబడి తీగ ఒకసారి మోగిస్తే చాలు, ఆ చప్పుడుకే ఆడవాళ్ళు అణిగిపోయిన పరుపులు తెచ్చి అరుగుల మీద పడేసేవాళ్ళు. గడ్డ కట్టిన దూది ఆయన చేతిలో మబ్బు మాదిరి లేచేది. పెండ్లికూతురితో పంపే పరుపు ఆయనే కుట్టాడు. కాన్పుకొచ్చిన బిడ్డకు మెత్తటి బొంత ఆయనే కుట్టాడు. మా చుట్టుపక్కల ఊర్లలో ఎంతమంది పుట్టగానే మా నాయన చేతి దూది మీద పడుకున్నారో లెక్క లేదు. మధ్యాహ్నం అయితే ఆ అరుగు మీదికే సంగటి ముద్ద, ఊరుబిండి ఆకులో పెట్టి తెచ్చేవాళ్ళు. ప్రేమగానే పెట్టేవాళ్ళు. లోపలికి మాత్రం పిలిచేవాళ్ళు కాదు.

ఆ ప్రేమ అబద్ధమని మేం అనడం లేదు. ఆ అరుగు కూడా అబద్ధం కాదని అంటున్నాం. మేం కుట్టిన పరుపు మీద పడుకుంటారు, సరే. మేం వండిన అన్నం తింటారా? మా తరం ముందుకొచ్చిన ప్రశ్న అది.

దూది ఏకే మిషన్లు వచ్చాయి. ఫోము పరుపులు వచ్చాయి. నాయన విల్లు గోడకెక్కింది. మాలో పెద్దోడు డిగ్రీ చదివి ఉద్యోగం రాక ఆటో తోలాడు. నడిపోడు మా జిల్లాలో వేలమంది పోయినట్టే కువైట్‌కు పోయి ఏడేళ్ళు హోటలు వంటింట్లో పనిచేశాడు. చిన్నోడు బట్టల అంగడిలో గుమాస్తా. మా ఒక్క ఇంటి కథ కాదిది. 2005లో కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. జీతం వచ్చే ఉద్యోగాల్లో ముస్లింలు తక్కువని, సొంతంగా చేసుకునే చిన్న చిన్న పనుల మీదే ఎక్కువగా బతుకుతున్నారని చెప్పింది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను అప్పు ఇవ్వకూడని చోట్లుగా కొన్ని బ్యాంకులు గుర్తుపెట్టుకున్నాయని కూడా అందులో ఉంది. అంటే అంగడి తప్ప మాకు వేరే దారి లేదు, అంగడికి కావాల్సిన దుడ్ల దగ్గరికి పోయే దారీ సరిగా లేదు.

2016లో నడిపోడు కువైట్ నుంచి తిరిగొచ్చాడు. టిఫిన్ అంగడి పెడదామన్నాడు. బస్టాండు రోడ్డులో ఒక గది చూసుకున్నాం. ముద్ర పథకం కింద శిశు రుణం యాభై వేల దాకా ఇస్తారని విని బ్యాంకుకు పోయాం. ఇంటి అడ్రసు చూసి మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ పోతే మళ్ళీ రమ్మన్నారు. బ్యాంకు గుమ్మం దగ్గర కూడా మొదటి చూపు ఉంటుంది, అక్కడ కూడా మేం రాకముందే మా అడ్రసు వచ్చి కూర్చుంటుంది. చివరికి చెల్లెలి గాజులు, నడిపోడు కువైట్‌లో దాచుకున్నది కలిపి పని మొదలుపెట్టాం.

ఇక పేరు. బోర్డు మీద ఏం రాయాలన్నది మా ఇంట్లో నెల రోజుల పంచాయితీ.

గది ఇచ్చిన యజమాని మంచివాడు. మా మేలు కోరే చెప్పాడు. "శ్రీ వేంకటేశ్వర అని పెట్టండప్పా. మన దేవుని కడప దేవుడే కదా. ఉగాదికి మీవాళ్ళు గూడా పోయి మొక్కుకుంటారు కదా. బేరం బాగా అవుతాది."

ఆయన చెప్పింది నిజమే. ఉగాది నాడు దేవుని కడప గుడిలో ముస్లింలు వరసలో నిలబడతారు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆ దేవుడు మా ఇంటి అల్లుడు అని కొబ్బరికాయ కొడతారు. కడప పెద్ద దర్గాకు హిందువులు వచ్చి తలవంచి పోతారు. ఈ కథలు మాకూ ఇష్టమే. సభల్లో ఈ కథలకు చప్పట్లు పడతాయి. కానీ బస్టాండు రోడ్డులో ఆకలేసి వచ్చినవాడు అల్లుడి కథ గుర్తుచేసుకుని మా అంగడిలోకి రాడు. పైగా అల్లుడి పేరు పెట్టుకుని మా పేరు దాచుకుంటే అది భక్తి అనిపించుకోదు, భయం అనిపించుకుంటుంది.

మామ ఇంకో దారి చెప్పాడు. "ఫ్రెండ్స్ అని పెట్టండిరా. ఎవురికీ ఏం తెలీదు." మామకు ఊర్లో కూల్‌డ్రింకుల అంగడి ఉంది, దాని పేరు అదే.

మీరు ఒకసారి మీ ఊరి బజారులో నడిచి చూడండి. నేషనల్ వాచ్ వర్క్స్. భారత్ సైకిల్ షాపు. ఇండియా టైలర్స్. ఫ్రెండ్స్ మెకానిక్. న్యూ స్టార్ చెప్పుల అంగడి. లోపల కూర్చున్నది ఎవరో చూడండి. చాలా చోట్ల మావాళ్ళే కనపడతారు. దేశం పేరు తీసుకొచ్చి తల మీద రాసుకోవాల్సిన అవసరం ఇంకెవరికుంటుంది? స్నేహితులమని బోర్డు కట్టుకుని చెప్పుకోవాల్సిన అగత్యం ఇంకెవరికుంటుంది? ఆ పేర్లు మా తాతలు, తండ్రులు సరదాకు పెట్టుకోలేదు. గిరాకీ మొదటి చూపులో వెనక్కి తిరగకుండా ఉండేదానికి పెట్టుకున్నారు. వాళ్ళను మేం తప్పుపట్టం. పిల్లలను సాకాలి కదా.

కానీ ఈ కాలంలో ఆ చాటు కూడా లేకుండా పోయింది. మామ అంగడిలో ఫోన్‌పే పెట్టినాక జరిగింది చెప్తాం వినండి. వచ్చినవాడు చల్లగా సోడా తాగుతాడు, మామతో ఎండల గురించి మాట్లాడతాడు. దుడ్లు ఇచ్చేదానికి గోడ మీది గీతల చదరానికి ఫోను చూపిస్తాడు. ఫోనులో బ్యాంకు ఖాతాదారు పేరు పడుతుంది. అక్కడ వాడి వేలు ఒక్క క్షణం ఆగుతుంది. తల ఎత్తి మామ మొహం కొత్తగా చూస్తాడు. "ఓ, మీరు సాయిబులా?" అంటాడు. అప్పటిదాకా తాగిన సోడా అదే, మాట్లాడిన మాటలు అవే. మారింది ఏమీ లేదు. మామ మొహం మాత్రం వాడికి మారిపోయింది. కొందరు నవ్వి పోతారు. కొందరు మళ్ళీ కనపడరు.

మేం ఆలోచించింది ఇదే. పేరు చూసి గడప దగ్గరే తిరిగిపోయేవాడు ఒక్కడే పోతాడు. పది రోజులు తిని పదకొండో రోజు తెలుసుకున్నవాడు మోసపోయాననుకుని పోతాడు, పదిమందికి చెప్పి పోతాడు. మేం మోసం చెయ్యకపోయినా వాడికి మోసం మాదిరే కనపడుతుంది. వ్యాపారం లెక్కలో చూసినా దాచడం నష్టమే.

అమ్మ ఇంకా తేలిగ్గా తేల్చింది. "మీ నాయన నలభై ఏండ్లు ఊరూరూ తిరిగినాడు. యా ఊర్లో నేను ఫలానా కాదని చెప్పినాడు? తినేవానికి తెలీకుండా పెట్టేది కూడు కాదురా."

అట్లా "నూర్‌బాషా టిఫిన్ సెంటర్" అయింది. ఆ పేరు ఇటువైపు వాళ్ళకూ మేమెవరమో చెప్తుంది, అటువైపు వాళ్ళకూ చెప్తుంది. బోర్డు రాసే ఆయన అడిగాడు, "పచ్చరంగు ఎయ్యాల్నా? నెలవంక? 786?" అని. మా పేరుతో పాటు అవన్నీ వస్తాయని ఆయన అనుకున్నాడు. తెల్ల బోర్డు మీద నీలం అక్షరాలు రాయించాం. పక్కన దోశ బొమ్మ వేయించాం.

తర్వాత గోడ. హోటలు గోడకు ఏదో ఒక పటం ఉండాలి. దేవుళ్ళ పటాలు పెడితే నటన. మక్కా పటం పెడితే కొందరికి భయం. గోడకు ఎదురుగా నిలబడి మేం చాలాసేపు ఆలోచించాం. ఒక వైపు ధరల పట్టీ పెట్టాం. ఒక వైపు ఆహార భద్రత వాళ్ళిచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం అద్దంలో కట్టి పెట్టాం, దాని మీద మా ఫోటో, పేరు ఉంటాయి. మధ్యలో నాయన విల్లు వేలాడదీశాం.

వంటిల్లు వెనకాల వద్దని నడిపోడు పట్టుబట్టాడు. పెనం రోడ్డు వైపు పెట్టాం. పిండి, నూనె డబ్బా, కారం, చట్నీ గిన్నెలు అన్నీ వచ్చినవాడి కంటికి కనపడాలి. తలకు టోపీ పెట్టుకుని చెయ్యాలి. అది నమాజు టోపీ కాదు, వెంట్రుకలు పడకుండా వంటవాళ్ళు పెట్టుకునే టోపీ. దాని గురించి కూడా అడిగినవాళ్ళున్నారు. గ్లాసులు వేడినీళ్ళతో కడగాలి. మాంసం, గుడ్డు అంగడి గడప దాటకూడదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జి, గుంత పొంగనాలు, కారం దోశ. అంతే. ఉగ్గాని అమ్మ చేతిది.

2017లో ఒక గురువారం తలుపు తెరిచాం. గురువారం మాకు పీర్ల రోజు, మీకు గురువుల రోజు, ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాం. చదివింపులు చేసి మలీద ముద్దలు పళ్ళెంలో పెట్టుకుని నిలబడ్డాం. నలభై ప్లేట్లకు పిండి రుబ్బి పెట్టుకున్నాం. జనం వస్తున్నారు. వాసనకు ఆగుతున్నారు. తల ఎత్తి బోర్డు చదువుతున్నారు. మళ్ళీ నడుస్తున్నారు. ఆ తల ఎత్తడానికీ మళ్ళీ అడుగు వేయడానికీ మధ్య ఎంతసేపుంటుందో మాకు బాగా తెలుసు. ఆ రోజు పదకొండు ప్లేట్లు అమ్మాం.

ఆ పదకొండులో ఒకాయన వచ్చీరాగానే అడిగాడు. "ఏం నూనె వాడతాండారు? ఈ పెనం మీద ఇంకేమన్నా చేస్తారా?" మేం నూనె డబ్బా చూపించాం. లోపలికొచ్చి చూడమన్నాం. చూశాడు, తిన్నాడు, ఇంకో దోశ చెప్పాడు. పోయేటప్పుడు, "తెలుగు బాగా మాట్లాడతాండారే" అన్నాడు. మెచ్చుకోలే అది. మా తాత ముత్తాతల నుంచి మాట్లాడే భాషను మేం బాగా మాట్లాడుతున్నామని ఇంకొకరు మార్కులు వేస్తే నవ్వి ఊరుకోవడం కూడా కొత్త అంగడివాడి విద్యలో ఒకటి.

మావాళ్ళ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. "క్యా భాయ్, ఘర్ మే బీ తెలుగూచ్ బోల్తే క్యా?" అన్నాడు. గోష్ లేదా అని అడిగాడు, లేదంటే మొహం చిట్లించాడు. మళ్ళీ బోర్డు చూసి "అచ్ఛా, దూదేకులా" అని తనే జవాబు చెప్పుకున్నాడు. ఆ "అచ్ఛా"లో ఏముందో మాకు తెలుసు. మసీదులో పక్కపక్కనే నిలబడతాం, సంబంధం దగ్గరికొచ్చేసరికి పక్క వీధిలో ఉంటాం. మొదటి చూపులో మమ్మల్ని తూకం వేసేది మీరొక్కరే కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాం. మా ఇంటి దుమ్ము కూడా మేమే ఊడ్చుకోవాలి.

సాయంత్రం ఒక ముసలామె వచ్చింది. గోడ మీది విల్లు చూసి నిలబడిపోయింది. "ఇది దూదేకులాయన విల్లు కదా నాయనా" అంది. ఆమె పెండ్లి పరుపు కుట్టింది మా నాయనేనట. ఆకులో సంగటి పెట్టిన ఇంటి మనిషేమో కూడా. ప్లేటులో ఉగ్గాని పెట్టి ఇచ్చాం. బెంచీ మీద కూర్చుని తినింది. మలీద కూడా కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆమె తర్వాత వాళ్ళ వీధివాళ్ళు వచ్చారు. నెల తిరిగేసరికి రోజుకు అరవై ప్లేట్లయ్యాయి.

ఒక్కపొద్దుల నెలలో ఇంకో చిక్కు. అంగడి మూస్తే బేరం పోతుంది. తెరిస్తే చట్నీలో ఉప్పు చూసేదెవరు? మేం నోట్లో వేసుకోకూడదు. పక్కన పూలమ్మే ఆమె తనంతట తనే చెయ్యి చాపింది. "ఇట్లా ఎయ్యప్పా, నేను చూస్తా" అంది. ఆ నెలంతా తెల్లవారుజామున ఆమె ఉప్పు సరిపోయిందంటేనే మా పెనం వేడెక్కేది. ఏ ఉపన్యాసమూ చెయ్యలేని పని ఆమె అరచేయి చేసింది.

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. మీరు మెచ్చుకుంటారు. కానీ మా అంగడి కథ ఇక్కడ ఆగదు. కష్టపడి ఒకసారి నమ్మకం సంపాదిస్తే అది మీకు మిగులుతుంది. మాకు మిగలదు.

2019 ఫిబ్రవరిలో పుల్వామా జరిగింది. వారం రోజులు మా బెంచీలు ఖాళీ. రోజూ తినేవాళ్ళు రోడ్డుకు ఆ పక్కనుంచి పోయారు. అదే నెలలో బెంగళూరులో కరాచీ బేకరీ వాళ్ళు తమ బోర్డు మీద "కరాచీ" అన్న మాట గుడ్డతో కప్పుకోవాల్సి వచ్చింది. ఆ బేకరీని 1953లో హైదరాబాదులో పెట్టింది దేశవిభజనలో కట్టుబట్టలతో వచ్చిన సింధీ హిందువు, ఖాన్‌చంద్ రామ్నానీ. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నాడు. 2025 మేలో శంషాబాదులో మళ్ళీ ఆ బోర్డు మీద కర్రలు పడ్డాయి. పేరులో ఒక్క మాటకే ఒక హిందువు అంగడికి అంత జరిగితే, పేరంతా మాదే అయిన మా బోర్డు సంగతి మీరే ఊహించుకోండి.

2020లో కరోనా వచ్చింది. ఢిల్లీలో జరిగిన ఒక సమావేశం పేరు చెప్పి దేశమంతా మా మొహాల్లో రోగం వెతికారు. మూడేళ్ళు మా చేతి దోశ తిన్నాయన దూరంగా నిలబడి, "మీవాళ్ళెవరన్నా ఢిల్లీకి పోయొచ్చినారా?" అని అడిగాడు. ఆ వీధిలో పది అంగళ్ళున్నాయి. ఆ ప్రశ్న మా ఒక్క అంగడికే వచ్చింది. జూన్‌లో మళ్ళీ తలుపు తెరిచినప్పుడు మళ్ళీ జనం తల ఎత్తి బోర్డు చదివారు. మళ్ళీ నూనె డబ్బా చూపించాం. మళ్ళీ లోపలికొచ్చి చూడమన్నాం. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ తర్వాత మళ్ళీ. ఎక్కడో ఎవడో తుపాకి పేలుస్తాడు, మా పెనం చల్లారిపోతుంది. అందరి అంగడికీ మొదటి రోజు ఒక్కటే. మా అంగడికి మొదటి రోజులు ఇప్పటికి ఎన్నో లెక్క తప్పాం.

2024 జూలైలో ఇంకో కొత్త సంగతి విన్నాం. ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో తిండి అంగళ్ళవాళ్ళంతా యజమానుల పేర్లు బయట రాసి పెట్టాలని ముజఫర్‌నగర్ పోలీసులు చెప్పారు. తర్వాత రాష్ట్రమంతా అదే మాటన్నారు. ఇక్కడ మమ్మల్ని కొందరు స్నేహితులే అడిగారు, "మీరు పేరు రాసుకున్నారు కదా, వాళ్ళు రాస్తే తప్పేంటి?" అని.

తప్పేంటో చెప్తాం. మా పేరు మేం రాసుకోవడం వేరు. మీరు మా చేత రాయించడం వేరు. మేం రాసుకున్నది మా ఇంటి దీపం. మీరు రాయించేది మా వీపు మీద వాత. మేం రాసుకున్న పేరు రండి అని పిలుస్తుంది. మీరు రాయించే పేరు వద్దు, పోండి అని తరుముతుంది. అక్షరాలు అవే కావచ్చు. కుంచె ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క. మామ "ఫ్రెండ్స్" అని పెట్టుకున్నాడు. అది మామ ఇష్టం. ఆ బోర్డు పీకి ఆయన అసలు పేరు రాయమనే హక్కు ఎవరికీ లేదు.

ఆ నెల 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను ఆపింది. ఏ తిండి అమ్ముతున్నారో రాయమని అడగొచ్చు, యజమాని పేరు రాయమని బలవంతం చెయ్యకూడదంది. ఆ ధర్మాసనంలో కూర్చున్న జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మా రాయలసీమ మనిషి, మదనపల్లె ఆయనది. కేరళలో పనిచేసినప్పటి సంగతి ఒకటి ఆయన కోర్టులోనే చెప్పారు. అక్కడ హిందువు నడిపే శాకాహార హోటలు ఒకటి, ముస్లిం నడిపేది ఒకటి ఉంటే తను ముస్లిం హోటలుకే పోయేవాణ్ణని, దుబాయి నుంచి తిరిగొచ్చిన ఆ యజమాని శుభ్రత బాగా పాటించేవాడని అన్నారు. పేపర్లో అది చదివి మా నడిపోడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పోయి పెనం ఇంకోసారి రుద్ది కడిగాడు.

ఉత్తరాది దాకా ఎందుకు? మా పక్కనే శ్రీశైలం ఉంది. గుళ్ళకు చెందిన అంగళ్ళ వేలంలో హిందువులు కానివాళ్ళు పాడకూడదని 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఏళ్ళుగా అక్కడ అంగళ్ళు నడుపుకునేవాళ్ళు కోర్టుకు పోయారు. 2019లో హైకోర్టు వాళ్ళ మాట వినలేదు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు వినింది. గుడి దగ్గర మద్యం, జూదం వద్దంటే అర్థముంది గానీ పూలు, ఆటబొమ్మలు అమ్ముకునేదానికి కూడా మతం అడ్డమా అని అడిగింది. కోర్టు వేలంలో పాడుకునే హక్కు ఇచ్చింది. గిరాకీని మాత్రం ఏ కోర్టూ పంపలేదు. గిరాకీ మీ కాళ్ళలో ఉంటుంది. అందుకే ఈ మాటలు కోర్టుకు కాకుండా మీకు చెప్పుకుంటున్నాం.

మా పిల్లల్లో కొత్తగా అంగడి పెట్టేవాళ్ళు మమ్మల్ని అడుగుతుంటారు, ఏం చెయ్యాలని. తూకం సరిగ్గా తూచండి, తూనికలు కొలతలవాళ్ళ ముద్ర ఉన్న కాటానే వాడండి. ధర గోడ మీద రాయండి, రెడ్డికీ మాలాయనకూ అదే ధర. పెనం రోడ్డుకు కనపడేట్టు పెట్టండి. జుమ్మాకు పోయేటప్పుడు ఎప్పుడు తిరిగొస్తారో తలుపు మీద రాసి పోండి, వచ్చినవాడు ఊరకే నిలబడకూడదు. ఎవరన్నా అనుమానంగా అడిగితే కోపం తెచ్చుకోకుండా చూపించండి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చూపించాల్సింది వంటిల్లు, దేశభక్తి కాదు. నూనె గురించి అడిగితే జవాబు చెప్పండి. ఢిల్లీ గురించి అడిగితే మీ దగ్గర దోశ తప్ప జవాబు లేదని చెప్పండి. పేరు రాసుకునే ధైర్యం ఉంటే రాసుకోండి. లేకపోతే అది మీ తప్పు కాదు, ఆ ధైర్యం అవసరమయ్యేట్టు చేసినవాళ్ళది తప్పు.

మీకు చెప్పేది కూడా తక్కువే. మమ్మల్ని ప్రేమించమని అడగడం లేదు. మేం మంచివాళ్ళమని ముందే నమ్మమనీ అడగడం లేదు. మా దోశ మాడితే తిట్టండి. చట్నీ పులిస్తే మొహం మీదే చెప్పండి. గ్లాసు మురికిగా ఉంటే లేచిపోండి, మళ్ళీ రావద్దు. అన్ని అంగళ్ళనూ ఏ కొలతతో కొలుస్తారో మా అంగడినీ ఆ కొలతతోనే కొలవండి. మేం తప్పు చేస్తే ఆ తప్పుకు పోగొట్టుకునే గిరాకీ మా లెక్కలోనే రాసుకుంటాం. ఎక్కడో ఎవడో చేసినదానికి పోగొట్టుకునే గిరాకీని ఏ లెక్కలో రాసుకోవాలో మాకు తెలియడం లేదు. అది మీరు చెప్పాలి.